సాలీడు కాళ్ళ కింద మట్టి

సాలీడుని పెంచుతున్నానంటే మీరు నవ్వుకున్నా పర్లేదు. డాలస్‌లో నాతో పనిచేసే ఒకతను వేరే ఊరికి మారిపోతూ తన టరాంటులాని నాకు అంటగట్టి వెళ్ళాడు. చిలియన్ రోజ్ రకం, ఆడది. ఆడవి ఇరవయ్యేళ్ళ దాకా బతుకుతాయట. మన ప్రాజెక్టులకన్నా నయం :)

సరే, అసలు విషయానికొస్తా. గాజు డబ్బాలో అడుగున ఏం పరవాలి? దీన్నే సబ్‌స్ట్రేట్ అంటారు. నేనేమో చేపల తొట్టిలో వేసే రంగు గులకరాళ్ళు పోశాను. చూడ్డానికి భలే ఉంది. అంతకన్నా చెత్త పని లేదని తర్వాత తెలిసింది. టరాంటులా పొట్ట చాలా మెత్తన. కాస్త ఎత్తు నుంచి రాళ్ళ మీద పడినా పగిలి చచ్చిపోవచ్చు. అందుకే మట్టి లోతుగా పోసి, మట్టికీ పైమూతకీ మధ్య ఖాళీ దాని కాళ్ళ చాపుకి ఒకటిన్నర రెట్లు దాటకుండా చూడాలి. ఐదంగుళాల సాలీడైతే ఏడెనిమిది అంగుళాలు, అంతే. సెడార్ చెక్కపొట్టు అసలొద్దు, అందులోని నూనెలు వాటికి పడవు. ఎరువులూ పురుగుమందులూ కలిపిన మట్టీ వద్దు.

రాళ్ళు తీసేసి, కొబ్బరి పొట్టు ఇటుక కొనుక్కొచ్చి, నీళ్ళలో నానబెట్టి, ఆ తడితోనే పరిచేశాను. ఇంకేముంది, అది గాజు గోడెక్కి కూర్చుంది. రెండు రోజులు దిగలేదు. ఎప్పుడు కింద పడుతుందోనని ఆఫీసులో కూడా అదే ధ్యాస.

అప్పటికి అమ్మ అనంతపురం నుంచి వచ్చి నెలయింది. డబ్బా వైపు చూసి, "ఏరా, అది కిందికి దిగల్లేదంటే కింద ఏదో బాగలేదు. అది పుట్టిన ఊర్లో నేల ఎట్లుంటుందో చూసినావా?" అంది.

చూడలేదు! చిలీలో అది ఉండేది ఎండు నేలల్లో. పొట్టంతా తీసి ఆరబెట్టి, గట్టిగా అదిమి, ఓ మూల చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టాను. మర్నాటికల్లా దిగింది.

అన్నిటికీ ఇదే మందు అనుకోకండి. మా గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలం టరాంటులా ఒకటుంది. 1899లో గుత్తిలో దొరికిన దాన్ని బట్టి పోకాక్ దాన్ని వర్ణించాడు. కానీ దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రలు. దానికి మట్టి కన్నా నిలువు బెరడు ముఖ్యం.

ఆ రాత్రి అమ్మ గదిలోకి తొంగిచూశాను. ఆవిడ కోసమని కొన్న ఖరీదైన మెత్తటి పరుపు పక్కన, కార్పెట్ మీద దుప్పటి పరుచుకుని పడుకుని ఉంది. నెల రోజులుగా అంతేనట. నేనెప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు.

పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగాను, "అమ్మా, నీకిక్కడ ఎట్లుంది?" అని.

చాలాసేపే మాట్లాడింది.