పాదరసానికి ఎంతిస్తారు?

పాత వస్తువుకి ధరెంత అని అడిగితే ఒక అంకె చెప్తారనుకుంటాం. నిజానికి మూడు అంకెలుంటాయి. అలాంటి వస్తువే మళ్ళీ షాపులో కొనాలంటే ఎంతవుతుందన్నది బీమా అంకె. వేలంలో ఇద్దరు పోటీపడితే ఎక్కడిదాకా వెళ్ళొచ్చన్నది వేలంవాళ్ళ అంచనా. ఇప్పుడే డబ్బు చేతిలో పెట్టి పట్టుకుపోవడానికి ఎంతిస్తాడన్నది వ్యాపారి మాట. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, ఇక్కడ ఇంగ్లండ్‌లో మా పక్కింటి పెద్దావిడ తరఫున ఒక పాదరసం బారోమీటర్ అమ్మిపెట్టే పని నెత్తినేసుకున్నాక తెలిసింది.

ఆవిడకి ఎనభై దాటాయి. భర్త పోయాక పెద్ద ఇల్లు వదిలి చిన్న ఫ్లాట్‌కి మారుతున్నారు. హాల్లో గోడకున్న బారోమీటర్ భర్త వైపు నుంచి వచ్చింది. ఆయన దాచిన ఫైల్లో 1990ల నాటి బీమా కాయితం ఉంది. అందులో 900 పౌండ్లని రాసుంది. ఇల్లు మారే ఖర్చు దీనితో గడిచిపోతుందని ఆవిడ లెక్క వేసుకున్నారు. వేలంవాళ్ళు ఫోటోలు చూసి 100 నుంచి 150 రావచ్చన్నారు, అందులోంచి మళ్ళీ వాళ్ళ కమీషన్. ఆవిడ మొహం చూడలేకపోయాను. మోసం చేస్తున్నారేమోనని కూడా అనిపించింది. కానీ చదివేకొద్దీ, ఆ రెండు అంకెలూ అబద్ధాలు కావని అర్థమైంది.

దీని ఆకారాన్ని బట్టి బాంజో బారోమీటర్ అంటారు. మహాగని చెక్క. పైనుంచి కిందికి గాలిలో తేమ చెప్పే చిన్న డయల్, థర్మామీటర్, బుల్లి కుంభాకార దర్పణం, పెద్ద డయల్, అన్నిటికన్నా కింద రసమట్టం. తేమ చూపించే ముల్లుని తిప్పేది ఓట్ గింజకుండే నూగు. ఆరితే మెలితిరుగుతుంది, తడికి విప్పుకుంటుంది. వెనక తలుపు తీస్తే ఇంగ్లీషు జె అక్షరంలా వంగిన గాజుగొట్టం కనబడుతుంది. పొడుగు కొస మూసి ఉంటుంది, పొట్టి కొస తెరిచి ఉంటుంది. బయటి గాలి ఒత్తిడికి పాదరసం పొడుగు గొట్టంలో నిలబడుతుంది, సముద్రమట్టం దగ్గర సుమారు 760 మిల్లీమీటర్లు. పొట్టి కొసలో పాదరసం మీద తేలే చిన్న బరువుకి కట్టిన దారం గిలక మీదుగా వెళ్ళి ముల్లుని తిప్పుతుంది. 1660లలో రాబర్ట్ హుక్‌కి వచ్చిన ఆలోచన ఇది. అదే పని నీళ్ళతో చెయ్యాలంటే పది మీటర్లకి పైగా గొట్టం కావాలి. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి ఇది గోడకి వేలాడే వస్తువైంది.

డయల్ మీద 28 నుంచి 31 అంగుళాల దాకా అంకెలు, వాటి పక్కన తుఫాను, వాన, మార్పు, నిర్మలం అనే అర్థమొచ్చే మాటలు. ఆ మాటలు ఇంగ్లండ్ పల్లపు ప్రాంతాల కోసం రాసినవి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది. సరిదిద్దకుండా అక్కడ వేలాడదీస్తే, నడివేసవిలో ఎండ మాడ్చేస్తున్నా ముల్లు తుఫాను దగ్గరే కూర్చుంటుంది. ముల్లు తప్పు చెప్పదు, మాటలు వేరే చోటివి, అంతే. ఆ 900 కూడా అలాంటిదే. అది వేరే కాలపు షాపు ధర. ఆ తర్వాత ఇళ్ళు చిన్నవయ్యాయి, ముదురు రంగు చెక్క సామాను మీద మోజు తగ్గింది. పైగా 19వ శతాబ్దంలో బాంజో బారోమీటర్లు లెక్కలేనన్ని తయారయ్యాయి. ఎక్కువ డబ్బు పలికేవి 18వ శతాబ్దం నాటి పేరున్న పనివాళ్ళు చేసిన నిలువు బారోమీటర్లు.

రసమట్టం పలక మీద ఒక ఇటాలియన్ పేరు, కింద లండన్ అని చెక్కి ఉంది. ఇది చూసి నాకు ఆశ పుట్టింది. కానీ ఆ పేరు తయారుచేసినవాడిదే కానక్కర్లేదు, అమ్మినవాడిది కూడా కావచ్చు. కోమో సరస్సు ప్రాంతం నుంచి వలస వచ్చిన గాజు పనివాళ్ళు లండన్‌లో హాల్బర్న్, హాటన్ గార్డెన్ చుట్టుపక్కల స్థిరపడి ఈ వ్యాపారాన్ని తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు. 1850లో మొదలైన నెగ్రెట్టి అండ్ జాంబ్రా ఆ కోవలోదే. ఇంగ్లీషువాళ్ళ వాతావరణాన్ని ఇంగ్లీషువాళ్ళకే అమ్మిన వలసవాళ్ళన్నమాట. ఈ కథ నాకు భలే నచ్చింది. ధర మాత్రం ఒక్క పౌండు పెరగలేదు.

ఈలోపు ఒక వ్యాపారి వచ్చి, పాదరసం తీసేసి లోపల ఎనరాయిడ్ యంత్రం పెడితే తేలిగ్గా అమ్ముడుపోతుందన్నాడు. ఎనరాయిడ్ అంటే గాలి తీసేసిన లోహపు డబ్బీ, ఒత్తిడికి లోపలికి నొక్కుకుంటుంది. 1840లలో ఫ్రాన్సులో లూసియన్ విదీ తెచ్చాడు. వ్యాపారి చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. పాదరసం విషం. దాని ఆవిరి పీల్చకూడదు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 2009 అక్టోబరు నుంచి కొత్త పాదరసం బారోమీటర్లు మామూలు జనానికి అమ్మకూడదు. 2007 అక్టోబరు 3 నాటికే 50 ఏళ్ళు దాటినవాటికి మినహాయింపు ఉంది, బ్రిటన్ కూడా అదే ఉంచుకుంది. అమ్మొచ్చు సరే, చేర్చడమెలా? విమానంలో ప్రయాణికుడు పట్టుకెళ్ళకూడదు, పార్సిల్‌లో పంపలేం. పొట్టి కొస మూసి, నిలువుగానో కాస్త వాల్చో కార్లో తీసుకెళ్ళాలి. అంటే కొనేవాడు కారులో రాగలిగినంత దూరంలో ఉండాలి. ధర తగ్గడానికి అదొక పెద్ద కారణం.

ఆ ఫైల్లోనే ఇంకో కాయితం దొరికింది. గొట్టం పగిలితే కొత్తది వేయించిన రసీదు. దీన్ని ప్రకటనలో రాయాలా? రాస్తే "అసలుది కాదు" అని బేరమాడతారు. రాయకపోతే వెనక తలుపు తీసి చూసినా చాలామందికి తెలీదు. ఆవిడనే అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాయండి. ఆ గొట్టం వెయ్యకపోతే ఈ ముప్ఫై ఏళ్ళూ అది కదిలేదే కాదు కదా" అన్నారు.

నేను అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను. ఈ ప్రకటన రాయడం అంతకన్నా కష్టమనిపించింది. ఏముందో, ఏం లేదో, ఏది మార్చారో రాయాలి. పొగడకూడదు, కించపరచకూడదు. డబ్బు అవసరమైన మనిషి నష్టం పక్కనే ఉంటుంది. వారం తర్వాత రెండు గంటలు కారు నడుపుకుంటూ ఒకాయన వచ్చాడు. ముందు రసీదు చదివాడు. తర్వాత బారోమీటర్‌ని నెమ్మదిగా వాల్చి చెవి పెట్టాడు. పాదరసం పైకెక్కి గాజు కొసకి తగిలి టక్కుమంది. లోపల గాలి చేరితే ఆ చప్పుడు మెత్తగా వస్తుందట. కొత్త గొట్టం సంగతి రాసి ఉండబట్టే ఇంత దూరం వచ్చానన్నాడు. 180 పౌండ్లు ఇచ్చాడు. రేడియేటర్ పైన మాత్రం పెట్టొద్దని ఆవిడ రెండుసార్లు చెప్పారు.

180 పౌండ్లతో ఇల్లు మారే ఖర్చు గడవలేదు, మిగతాది కొడుకు పెట్టుకున్నాడు. దీన్ని గెలుపని చెప్పలేను. కానీ పాత వస్తువుల విలువ కట్టేవాళ్ళు "అసలుదేనా?" అని ముందడుగుతారు, "పనిచేస్తుందా?" అన్నది తర్వాత. పాదరసం తీసేస్తే చెక్క, డయల్, పేరు అన్నీ అసలువే మిగులుతాయి, పోయేది బారోమీటర్ ఒక్కటే. ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే, వ్యాపారిని పిలిచే ముందు రిపేరు రసీదులు వెతకండి. వాటిని దాచకండి.