ఆరు గంటల ప్రయాణం

హైదరాబాదు నుండి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. విమానంలో దాదాపు ఆరు గంటలు. 1995 వరకూ ముంబయి రేవు నుండి హజ్ యాత్రికుల ఓడలు నడిచేవి. మా తాతగారు అలా వెళ్ళినవారే. వారానికి పైగా సాగిన ఆ సముద్రయానంలో తన తగవులన్నీ తలచుకొని తౌబా చేసుకున్నానని చెప్పేవారు.

నాకంత వ్యవధి దొరకలేదు. మీఖాత్ సమీపిస్తున్నదని విమానంలో ప్రకటించారు. ఇహ్రామ్ వస్త్రాలు ముందే ధరించాను. నియ్యత్ చేయబోతుండగా, రెండేళ్ళుగా నేను పలకరించని తమ్ముడు గుర్తుకు వచ్చాడు. మనసులోనే క్షమాపణ కోరుకున్నాను.

జిద్దాలో దిగగానే ఫోను చేశాను. అక్కడ మూడున్నర, హైదరాబాదులో ఉదయం ఆరు. ఫజ్ర్ నమాజు ముగించిన తమ్ముడు, "భాయీజాన్, క్షేమంగా చేరారా?" అన్నాడు. నాకు మాట పెగలలేదు.

సోదర సోదరీమణులారా! ఓడ ఇచ్చిన వ్యవధిని విమానం ఇవ్వదు. తగవులు తీర్చుకున్నాకే గడప దాటండి.