వార్డు సభలో వీధి ఊడ్చేవారు

బెంగళూరు చూడవచ్చిన బంధువులకు మనము లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, విధానసౌధ చూపి పంపుతాము. హడ్సన్ సర్కిల్ ఎవరికీ చూపము. అక్కడ చూడదగినది ఏమున్నదని అనవచ్చును. కాని ఇంటిముందు కాలువ నిండినా, వీధి దీపము వెలుగకున్నా, చెత్త బండి రాకున్నా ఆ ఫిర్యాదు చివరకు చేరుతూ వచ్చిన చోటు అదే. అందుచేత ఈ నెల పాఠకులను అక్కడినుండి బయలుదేరదీసి, మార్కెట్టు మీదుగా మన వీధి మలుపు దాకా తీసికొనిపోదలచినాము. నడక కొద్దిపాటిదే. దారిలో ఆలోచించవలసినది మాత్రము చాలా ఉన్నది.

సర్కిల్ దగ్గర కార్పొరేషన్ రాతి భవనము. దానికి కొద్ది దూరములోనే పెద్ద స్తంభములతో, వెడల్పాటి మెట్లతో పుట్టన్న చెట్టి పురభవనము. 1935లో కట్టడము పూర్తియైనది. పుట్టన్న చెట్టిగారు ఈ ఊరి మునిసిపాలిటీకి అధ్యక్షులుగా పనిచేసినవారు. 1537లో ఈ నగరమునకు పునాది వేసిన కెంపేగౌడ తెలుగులో 'గంగాగౌరీ విలాసము' అనే యక్షగానము రచించినాడని చెప్పుకొంటారు. మన సభలలో ఆ మాట వినని సంవత్సరము లేదు. ఊరిని స్థాపించినవాడు తెలుగులో వ్రాసినాడని సంతోషించే మనము, ఈ ఊరిని ప్రతి ఉదయము శుభ్రము చేసేవారిలో ఎందరో తెలుగువారే అనే సంగతి కూడ గుర్తుంచుకొనవలె. ఈ వ్యాసము వారిని గురించి.

ముందు పాలన సంగతి రెండు మాటలలో. 1862లో సిటీకి ఒకటి, కంటోన్మెంటుకు ఒకటి, రెండు మునిసిపల్ బోర్డులు ఏర్పడినవి. 1949లో రెండును కలిసి కార్పొరేషన్ అయినది. 2007లో చుట్టుపట్టు పురసభలను, 110 గ్రామములను చేర్చి బృహత్ బెంగళూరు మహానగర పాలికె చేసినారు. 2010లోను, 2015లోను 198 వార్డులకు ఎన్నికలు జరిగినవి. 2020 సెప్టెంబరులో ఆ కౌన్సిలు గడువు తీరినది. తరువాత ఏండ్ల తరబడి ఎన్నిక లేక అధికారులే పాలించినారు. 2025 సెప్టెంబరు 2న ఒక్క పాలికె ఐదు కార్పొరేషన్లుగా విడిపోయినది. బోర్డులు మారినవి, సరిహద్దులు మారినవి. పేదవాడి మాట పైకి చేరే దారి మాత్రము అంత సులువుగా మారలేదు.

చట్టములో దారి లేదని అనుటకు వీలులేదు. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు దాటిన జనాభాగల పట్టణములలో వార్డు కమిటీలు ఉండవలెనన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి కౌన్సిలు స్థానములు కేటాయించినది. కర్ణాటక చట్టము ఇంకను వివరముగా చెప్పినది. కార్పొరేటరు అధ్యక్షుడుగా, పదిమంది సభ్యులతో కమిటీ. అందులో కనీసము ముగ్గురు స్త్రీలు, ఇద్దరు షెడ్యూల్డు కులములు లేక తెగలవారు, ఇద్దరు నివాసుల సంఘములవారు. 2018 చివరనుండి నెలకొకసారి, మొదటి శనివారము, సభలు జరుపుట మొదలైనది. కౌన్సిలు లేని కాలములో నోడల్ అధికారులు ఆ సభలు నడిపినారు. క్రొత్త చట్టములోను వార్డు కమిటీకి చోటున్నది.

కాగితము మీద ఇంత చక్కని ఏర్పాటు ఉండగా, ఇక కొరత ఎక్కడ? అది తెలియుటకు మన నడక సాగించవలె.

పురభవనము నుండి కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు పడమరగా నడిస్తే అరగంట కూడ పట్టదు. అక్కడ పూల గంపలవారు, ఆకుకూరలవారు, తోపుడుబండ్లవారు. వీరి విషయములో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము ఒక మంచిపని చేసినది. ఎక్కడ అమ్మవచ్చునో, ఎక్కడ కూడదో నిర్ణయించుటలో పాలుపంచుకొనే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తక్కువ గాకుండ వ్యాపారులే ఉండవలె. వారిని వ్యాపారులే ఎన్నుకొనవలె. వారిలో మూడవవంతు స్త్రీలు కావలె. నామినేషన్‌తో వచ్చినవాడు పేరు వేసినవారి ముఖము చూస్తాడు. ఓటుతో వచ్చినవాడు పక్క గంపవాని ముఖము చూడక తప్పదు. ఆ తేడా చిన్నది కాదు.

మార్కెట్టు దాటి మన పేటలలోనికి వస్తే, తెల్లవారుజామున ప్రతి మలుపులోను చీపుళ్ళు, తోపుడుబండ్లు, హాజరు వేసే మస్టరు చోటు కనిపిస్తవి. అక్కడ కొంచెముసేపు నిలిచి చెవియొగ్గితే అనంతపురము, చిత్తూరు యాసలు వినిపిస్తవి. రెండు మూడు తరముల క్రిందట వచ్చిన కుటుంబములు వీరివి. అత్యధికులు దళితులు, అందులో స్త్రీలే ఎక్కువ. మేము, మా సంఘములోని మరి ఇద్దరు మిత్రులు ఒక ఉదయము అక్కడ ఆగి, యాభై ఏండ్ల ఒకామెను వార్డు సభకు ఎప్పుడైనా వెళ్ళినారా అమ్మా అని అడిగినాము.

"శనివారం మీటింగంట సారూ, ఇన్నాం. ఆ యాళకు మేము రోడ్లో ఉంటాం. పని ఇడిసి పోతే మేస్త్రీ ఆబ్సెంటు ఏస్తాడు. పని అయినాక పోతే కుర్చీలు ఎత్తేసింటారు" అన్నది.

వెళ్ళితే ఏమి అడుగుతారని మరల అడిగినాము.

"ఏం అడుగుతాం సారూ. పొద్దున్నించీ పనిలో ఉంటే ఆడోళ్ళం యాడికి పోవాల? ఒక కక్కసు, తాగేకి నీళ్ళు, గుడ్డలు మార్చుకునేకి ఒక రూము. అంతే."

ఒక్క క్షణము ఆగి, "కుర్చీ ఏసినా కూసునేకి బెరుకు సారూ" అని చీపురు తీసికొని పోయినది.

ఆమె చెప్పిన మూడు సంగతులలో చట్టమునకు సంబంధించినది ఒక్కటి లేదు. వేళ, దినకూలి భయము, బెరుకు. వీధి పరిస్థితి ఆమెకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ఏ కాలువ ఎప్పుడు పొంగునో, ఏ మలుపులో రాత్రివేళ చెత్త పడవేస్తారో ఆమె చెప్పగలదు. సభలో ఆమె లేకపోవుట ఆమెకు మాత్రమే నష్టము కాదు, మనకును నష్టమే.

సభలో చోటు దొరకనివారు వీధిలో కూర్చుండవలసి వచ్చును. 2022 జూలైలో పౌరకార్మికులు నాలుగు దినములు పని మాని, ఒకప్పుడు సెంట్రల్ జైలు అయిన ఫ్రీడమ్ పార్కులో కూర్చున్నారు. ఉద్యోగములు ఖాయము చేయవలెనన్నది వారి కోరిక. 2025 మే దినమున 12,692 మందికి ఖాయపు నియామక పత్రములు అందినవి. ఇది గొప్ప విజయమే. కాని ఒక కక్కసు కొరకు, ఒక నీళ్ళ కుండ కొరకు కూడ నాలుగు దినములు ఊరు కుళ్ళిపోవలెనా? అట్టి చిన్న కోరికలు నెలనెలా తీరుటకే గదా వార్డు సభ.

మన పల్లెల రచ్చబండను మనము చాలా పొగడుతాము. చెట్టు నీడ, నలుగురి మాట, అక్కడికక్కడే తీర్పు. బాగున్నది. కాని బండమీద కూర్చున్నది ఎవరు, దూరముగా నిలిచి చేతులు కట్టుకొన్నది ఎవరు అనికూడ జ్ఞాపకము చేసికొనవలె. పట్టణపు వార్డు సభ ఆ బండకు నకలు కారాదు. బ్రెజిల్ దేశములోని పోర్టో అలెగ్రె నగరములో 1989 నుండి బడ్జెటును పేటపేటకు తీసికొనిపోయి, జనమును కూర్చి, ముందు మురుగు కాలువయా, రోడ్డా అని వారినే అడిగినారు. చెప్పినమాట పనిగా మారుట చూచిన పేదలు అధిక సంఖ్యలో రాసాగినారు. పిలుపు ఒక్కటే చాలదు, వచ్చినందుకు ఫలము కనిపించవలె అనుటకు ఇది సాక్ష్యము.

ఇక చేయవలసినవి. మొదటిది, సభ వేళ. పని ముగిసిన తరువాత, మస్టరు చోటికి దగ్గరనున్న బడిలోనో, సముదాయ భవనములోనో జరుపవలె. హాజరైనవారికి ఆబ్సెంటు పడదని ముందే చెప్పవలె. రెండవది, కబురు. కన్నడ లిపి మన లిపికి దగ్గరిదే గనుక చదువు వచ్చినవారికి చిక్కులేదు. చదువు రానివారికి ఏ లిపి అయినను ఒకటే. పల్లెలో టముకు వేసినట్లు మస్టరు వేళ నోటితో చెప్పవలె. మూడవది, మాట వంతు. ఇండ్లుగలవారు పార్కును గురించి గంటసేపు మాట్లాడిన తరువాత మిగిలిన ఐదు నిమిషములు వీరికి ఇచ్చుట కాదు, మొదటి వంతే వీరికి ఇవ్వవలె. నాలుగవది, మినిట్సు పుస్తకము. గుమాస్తాగిరిలో తలనెరసినవారము గనుక మాకు తెలిసినమాట ఒకటి చెప్పెదము. పుస్తకములోనికి ఎక్కని మాట కచేరీలో అననిమాట క్రిందనే లెక్క. ఎవరు ఏమి అడిగినారో పేరుతో వ్రాసి, వచ్చేనెల ఏమైనదో పైకి చదివి వినిపించవలె.

ఇవన్నియు అధికారులు చేయవలసినవి. మనము చేయగలిగినది కూడ ఉన్నది. మన కుటుంబములు ఇక్కడ తరతరములుగా ఉన్నవి. కన్నడము బాగుగా వచ్చును, కచేరీ పద్ధతులు తెలియును. నివాసుల సంఘములలో మనవారెందరో పదవులలో ఉన్నారు. ప్రతి పేటలోను ఇద్దరు సభ్యులు మస్టరు చోటికి వెళ్ళి సభ తేదీ తెలుగులో చెప్పిరావచ్చును. వారు అడగదలచిన సంగతి కన్నడములో వ్రాసిపెట్టి, వారిచేతనే ఇప్పించవచ్చును. వారి బదులు మనము మాట్లాడుట మాత్రము వద్దు. పక్క కుర్చీలో కూర్చుండి, బెరుకు తీరువరకు తోడుండుట చాలును.

ఉగాదికి కవిసమ్మేళనము జరుపుటకు మన సంఘములో కార్యకర్తలకు కొదువలేదు. నెలకు ఒక్క పూట దీనికి ఇవ్వగలవారు తమ పేటపేరుతో కార్యదర్శిగారికి ఒక జాబు వ్రాయవలెనని కోరుచున్నాము.