ముండ్లమూరు దారిలో ఆదాము

అద్దంకి, దర్శిల నడుమనున్నది ముండ్లమూరు. ఆ దారిలో బస్సు కిటికీ ప్రక్కన కూర్చుంటే ఆదికాండము మూడవ అధ్యాయము తెరచిపెట్టినట్లే ఉంటుంది. ఊరి పేరులోనే ముండ్లున్నాయి. బీళ్లలో ఎక్కడ చూచినా సర్కారు తుమ్మ. ఈ చెట్టు మన దేశపుది కాదు. అమెరికా ఖండపు మెట్ట నేలల నుండి తెచ్చి 1877లో కడప ప్రాంతంలో నాటారు. నరికితే చావదు, మొదలు నుండి నాలుగు చిగుళ్లు వేస్తుంది. క్రొత్త సంవత్సరపు ఆరాధనలో మనము చేసికొనే తీర్మానాలు సంక్రాంతి ఎందుకు దాటవో ఈ చెట్టును చూచిన రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ సీమలో ముండ్లకంటె లోతైనది నీళ్ల సంగతి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, ఇక్కడి జనులలో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నదని వైద్యులు ప్రకటించారు. భూమి అడుగున ఉన్న రాతి నుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగుతుంది. నీరు తేటగానే ఉంటుంది. కాచి చల్లార్చినా ఫ్లోరైడు పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు నియమము. పాలపళ్లు ఊడిన తరువాత రావలసిన పళ్లు చిగుళ్లలో తయారవుతుండగానే మచ్చ పట్టుకొంటుంది. ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలు బిగిసి నడుము వంగిపోతుంది.

ఆదాము చేసిన పనికి నేనెందుకు పాపినని మన యౌవనస్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ బావుల దగ్గర దానికి సగము జవాబు దొరుకుతుంది: మనము కోరుకొనకముందే మనలో చేరిన చెడుగు ఉన్నది. మిగిలిన సగము ఇక్కడ దొరకదు. నీరు త్రాగినవాడు నేరస్థుడు కాడు. పాపములోనో, మన చెయ్యి కూడా కలుస్తుంది. రోమా పత్రిక అయిదవ అధ్యాయమును చదివి అగస్టీను ఆదాము దోషము కూడా మనకు సంక్రమించినదన్నాడు. తూర్పు సంఘాలవారు మరణము, చెడిన స్వభావము మాత్రమే సంక్రమించినవంటారు.

నాకు బాధ కలిగించేది వేరొకటి. నడుము వంగిన మనిషిని చూచి “ఏ పాపము చేశారో” అనే మాట మన విశ్వాసుల ఇండ్లలో కూడా వినబడుతుంది. తండ్రులు తిన్నదానికి పిల్లల పళ్లు పులిసినవనే సామెతను ఇక పలుకవద్దని యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడే ఖండించాడు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు ఇదే ప్రశ్న అడిగితే ప్రభువు ఒప్పుకొనలేదు. జన్మపాపము ఒకరిని వేలెత్తి చూపుటకు ఇచ్చిన బోధ కాదు. తిన్నగా నడిచేవాడూ వంగినవాడూ ఆ వరుసలో ఒకే చోట నిలువవలసినదే.

అద్దంకి ప్రక్కగా పారే గుండ్లకమ్మలోనే, ఒంగోలుకు దగ్గరనున్న వెల్లంపల్లి వద్ద, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. క్లౌ దొరగారి కాలము, గొప్ప కరవు వెళ్లిన ఏడు. వారిలో ఎక్కువమంది మాదిగలు. పుట్టుకతో వచ్చే మైలను వారికి మాత్రమే అంటగట్టిన సమాజములో, పుట్టుకతో అందరూ పాపులే అన్న మాట వారి చెవికి అవమానముగా తోచియుండదని నాకనిపిస్తుంది. అది కరణానికీ, రెడ్డికీ, దొరకూ కూడా వర్తించింది గదా.

ఇప్పుడు ఈ ప్రాంతానికి నాగార్జునసాగరు కుడి కాలువ నీరు వస్తుంది. నది నీరు కుళాయికి చేరిన ఇంట్లో కూడా తాతగారి పళ్ల మీది గోధుమరంగు చారలు అలాగే ఉంటాయి. మనుమరాలికి ఇప్పుడిప్పుడే ముందు పళ్లు వస్తున్నాయి.