రేకుల మీది వాన

మీరెప్పుడైనా నాగోలులో మెట్రో ఎక్కారా? ఉప్పల్ దాటాక కిటికీలోంచి కిందికి చూడండి. 2017 నవంబరులో ఆ రైలు వచ్చేదాకా మా ఏరియా ఇళ్ళు పైనుంచి ఎలా ఉంటాయో మాకే తెలీదు! డాబాల మధ్య రేకుల గదులు, వాటి మీద ఇటుకలు, పాత టైర్లు, నీలం పట్టాలు. హబ్సిగూడలో దిగి ఆటోలో నాచారం వస్తే ఇండస్ట్రియల్ ఏరియాలో చాలా షెడ్లకు రేకులే. మా డాబా మీదా ఒక రేకుల గది ఉంది.

2020 అక్టోబరు 13 రాత్రి వానను ఇక్కడివాళ్ళెవరూ మరచిపోరు. ఆ రాత్రి పై గదిలో ట్రంకుపెట్టెలోకి నీళ్ళు పోయి మా అమ్మాయి సర్టిఫికెట్లు ముద్దయ్యాయి. తప్పు నాదే. అంతకు ముందు రెండేళ్ళూ చుక్క పడ్డచోట బక్కెట్టు పెట్టి ఊరుకున్నాను. మేస్త్రీ వస్తే ఆ చుక్కకు సరిగ్గా పైన తారు పూయించాను. కారేది అక్కడ కాదండీ! నీళ్ళు ఎక్కడో పైన దూరి, రేకు అడుగునే జారుకుంటూ వచ్చి, ఇనుప పైపు అడ్డం తగిలిన చోట రాలతాయి.

ఇప్పుడు మృగశిర చినుకు పడకముందే, రోహిణి కార్తెలో చూసుకుంటాం. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి, లైటార్పి పైకి చూస్తే సూదిమొనంత వెలుగు కనిపిస్తుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. వెలుగు లేకపోతే మా ఆయన నిచ్చెనెక్కి చెంబుతో నీళ్ళు పోస్తారు, నేను లోపల కాపలా. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి సుమా! పైనుంచి పోస్తే అంతా తడిసి ఏది కారిందో తెలియదు.

మాకు రెండు చోట్ల దొరికింది. బోల్టు కింద తారు వాషరు ఎండకు బిస్కెట్టులా విరిగింది. గోడకు రేకు ఆనిన చోట సిమెంటు విచ్చింది. వాషర్లు మార్చాం. మరీ బిగిస్తే రేకు పగులుతుంది, జాగ్రత్త. గోడ సందు తుడిచి, బాగా ఆరాక వాటర్‌ప్రూఫ్ టేపు అంటించాం. తడి మీద, దుమ్ము మీద అది పట్టదు.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళు చల్లి తడిగుడ్డతో తుడవండి. రేకు మీద నేరుగా కాలు పెట్టారో, పుటుక్కున విరిగి కింద పడతారు.

పోయిన వానాకాలం ఒక్క చుక్క కారలేదు. ట్రంకుపెట్టె మాత్రం కింది గదిలోకి మార్చేశాను.