రెండో మానిటర్‌గా అమ్మ టీవీ

2020లో ఆఫీసు మూసేసి ఇంటి నుంచే పని చేయమన్నారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నా. ఇంజినీరింగ్‌లో కొన్న డెస్క్‌టాప్ అవుకులో మా ఇంట్లోనే ఉంది. (అప్పటికి మాది కర్నూలు జిల్లానే. నంద్యాల జిల్లా కావడానికి ఇంకా రెండేళ్లు.) ఆఫీసులో ఒక తెర మీద కోడ్, ఇంకోదాని మీద లాగ్‌లు చూసుకోవడం అలవాటైపోయింది. ఒక్క మానిటర్‌లో అటూ ఇటూ మార్చుకుంటుంటే గంట పని మూడు గంటలు పట్టేది.

ఇంకోటి కొనే డబ్బుల్లేవు. కన్ను అమ్మ టీవీ మీద పడింది.

నంద్యాలలో ఒక షాపులో, ఒక హెచ్‌డీఎంఐని రెండు చేస్తుందని స్ప్లిటర్ అంటగట్టారు. ఇంటికొచ్చి పెడితే రెండింట్లోనూ ఒకే బొమ్మ! బీటెక్ చదివిన నాకైనా తట్టొద్దూ? స్ప్లిటర్ ఉన్న సిగ్నల్‌కే నకలు తీస్తుంది. వేర్వేరు తెరలు కావాలంటే కంప్యూటర్ నుంచే రెండు సిగ్నళ్లు రావాలి. టార్చి వేసి సీపీయూ వెనక చూస్తే, హెచ్‌డీఎంఐ పక్కనే దుమ్ము పట్టిన నీలం రంగు వీజీఏ పోర్టు. పాత కేబుల్‌తో మానిటర్‌ను దానికి పెట్టి, హెచ్‌డీఎంఐ టీవీకిచ్చా. విండోస్ కీ, పీ కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకుంటే వచ్చేసింది.

అయినా మౌస్ బాణం టీవీలోకి పోబోయి అంచు దగ్గర ఆగిపోయేది. నాయన వెనక నిలబడి చూస్తున్నాడు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు, కంప్యూటర్ ముట్టింది లేదు. సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు డబ్బాలు కనబడగానే, "రెండు బండలూ ఒక సైజు కాదు కదరా. ఈడ అంచు తగల్లేదు, ఇంక యాడ పోతాది?" అన్నాడు. నిజమే. మానిటర్ ఎత్తు 1080 చుక్కలు, టీవీది 768. టీవీ డబ్బాను కిందికి లాగి అడుగు అంచులు కలిపితే దారి దొరికింది. పై మూలలో మాత్రం గోడే.

సాయంత్రం ఏడింటికి అమ్మ రిమోట్‌తో సెట్‌టాప్ బాక్సుకు మార్చుకునేది. కంప్యూటర్‌కేమో రెండో తెర ఉన్నట్టే లెక్క. ఓ రోజు మేనేజర్ మెసేజ్ విండో అమ్మ సీరియల్ వెనకాల ఉండిపోయింది. నలభై నిమిషాలు చూసుకోలేదు. మాటలు పడాల్సొచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఆ రాత్రి అన్నం సరిగా సయించలేదు.

మర్నాడు ఏడు దాటినా అమ్మ టీవీ దగ్గరికి రాలేదు. అడిగితే, "ఆ సీరియల్ ఊరికే సాగదీస్తాండార్లే, చూడబుద్ధి కావడంల్యా" అంది. మెసేజ్‌ల విండోను నా మానిటర్ మీదికి లాక్కొని, రిమోట్ తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టా.