మా బుజ్జి పట్టభద్రురాలైన వైనం

"మామయ్యా, నేను ఫెయిలయ్యానా?"

ఈ ప్రశ్న వేసింది మా మేనకోడలు బుజ్జి. వయసు ఐదేళ్ళ పది నెలలు. చదువు యూకేజీ. ఊరు మా విస్సన్నపేటే. 2025 ఏప్రిల్ మూడో వారం... పిల్ల ఒళ్ళంతా కేలమిన్ లోషన్ పూసుకుని, తలగడ పక్కన వేపమండలు పెట్టుకుని పడుకుని ఉంది. నేను వర్క్ ఫ్రం హోం పేరుతో ఇంటికొచ్చి, అదే గదిలో ఓ మూల కూర్చుని కాల్‌లో ఉన్నా. మ్యూట్ నొక్కి, "ఎవరన్నారే?" అన్నా.

"ఎవరూ అన్లేదు. నాకు టోపీ ఇవ్వలేదుగా!"

అదీ సంగతి. ఏప్రిల్ 19న వాళ్ళ స్కూల్లో గ్రాడ్యుయేషన్ డే. 16న మా పిల్లకి ఆటలమ్మ పోసింది. ఇంకేముంది, పోవటానికి లేదు. ఆ సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. నల్ల గౌన్లు, నల్ల టోపీలు, చేతిలో చుట్టిన కాగితాలు. బుజ్జి ఆ ఫోటోని పెద్దది చేసి, ఒక్కో మొహం మీదా వేలు పెట్టి పేర్లు చెప్పింది. చివర్న తను లేదు. దాంతో తనకి తనే ఓ సిద్ధాంతం కట్టేసుకుంది: టోపీ వచ్చినవాళ్ళు ఫస్ట్ క్లాసు, రానివాళ్ళు మళ్ళీ యూకేజీ. ఇఫ్-ఎల్స్ కండిషన్‌లో తప్పు పట్టటానికేం లేదు మరి :)

"ఎదురింటి చిన్నోడు టోపీ పెట్టుకోకుండానే పోయినేడు ఒకటో క్లాసుకి వెళ్ళాడుగా" అన్నా. "వాడు గవర్నమెంటు స్కూలు" అంది. డిబేట్ క్లోజ్.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఈ కిండర్‌గార్టెన్ గ్రాడ్యుయేషన్లంటే నాకు మొదట్నుంచీ నవ్వులాట. ముక్కు చీదటం రాని పిల్లలకి కాన్వొకేషనేంటి, స్కూళ్ళ వాళ్ళు డబ్బులు గుంజటానికి కాకపోతే, అని ఆఫీసులో చాలాసార్లు లెక్చరిచ్చిన వాణ్ణే. అలాంటి వాణ్ణి ఆ పూట ఏ ఆవేశంలోనో "నీకు మనింట్లోనే పెద్ద గ్రాడ్యుయేషన్ చేస్తా" అని మాటిచ్చేశా. మాటివ్వటం తేలిక. ఎస్టిమేషన్ ఇవ్వకుండా డెడ్‌లైన్ ఒప్పుకునే మేనేజర్ని రోజూ తిట్టుకునే నాకు ఆ మాత్రం తెలియకపోవటం విచిత్రం.

రాత్రి కూర్చుని ఎక్సెల్ షీటు తెరిచా. గౌను, టోపీ, ఫ్లెక్సీ, బెలూన్ల ఆర్చి, ఫోటోగ్రాఫరు, కేకు, రిటర్న్ గిఫ్టులు. బెజవాడలో ఒక డెకరేషన్ అతనికి ఫోన్ చేస్తే, నూజివీడు మీదుగా అంత దూరం రావాలి కాబట్టి రవాణాతో కలిపి పద్నాలుగు వేలన్నాడు. నాకది పెద్ద మొత్తంగా అనిపించలేదు. బెంగుళూరులో రెండు టీం డిన్నర్లు.

మా బావకి ఎరువుల కొట్టు ఉంది. షీటు చూసి ఆయన నెమ్మదిగా, "యూకేజీకే ఇంత చేస్తే టెన్త్‌కి ఏం చేస్తావయ్యా? బీటెక్‌కి ఊరంతా భోజనాలా?" అన్నాడు. మా అక్క మాత్రం నవ్వలేదు. "ఒరే, ఇదంతా బుజ్జి కోసమా? నీ కోసమా?" అంది.

తగలాల్సిన చోటే తగిలింది.

నాది 2020 బ్యాచ్. మార్చిలో హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు. రెండు జతల బట్టలు, లాప్‌టాప్ పట్టుకుని బయల్దేరాం. రెండు వారాల్లో మళ్ళీ వస్తామనుకుని రూంలో బకెట్టు కూడా వదిలేశా. ఫేర్‌వెల్ లేదు. వైవా ఫోన్లో అయింది. కంపెనీ జాయినింగ్ వాయిదా పడి, తర్వాత ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద కూర్చుని ఉద్యోగంలో చేరా. సర్టిఫికెట్లు చాన్నాళ్ళ తర్వాత ఒక కిటికీ దగ్గర సంతకం పెట్టి తీసుకున్నా. నాలుగేళ్ళు ఎప్పుడు అయిపోయాయో చెప్పమంటే ఇప్పటికీ ఫలానా రోజని చెప్పలేను. మా అమ్మ ఇంటర్‌తో చదువాపేసిన మనిషి, కొడుకు గౌను వేసుకున్న ఫోటో కోసం షోకేసులో జాగా కూడా అట్టేపెట్టింది. ఆ జాగాలో ఇప్పుడు వెంకటేశ్వరస్వామి ఉన్నాడు.

కాబట్టి ఆ పద్నాలుగు వేలల్లో కనీసం పది వేలు నా బాకీయే. షీటు మూసేసి, అసలు బుజ్జికి ఏం కావాలి అని మొదటి నుంచీ ఆలోచించటం మొదలెట్టా.

నాకు ఏదైనా పని పడితే ముందు దాని చరిత్ర తవ్వే జబ్బుంది. ఈ నల్ల గౌను యూరప్‌లో మధ్యయుగాల నాటి విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. అక్కడి చదువరులు చాలామంది చర్చికి చెందినవాళ్ళు, పైగా చలిదేశాలు, అందుకని ఆ పొడుగాటి అంగీలు. మనకి తెల్లవాళ్ళతో వచ్చింది. 2010 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ భోపాల్‌లో అటవీ నిర్వహణ సంస్థ స్నాతకోత్సవంలో వేదిక మీదే ఆ గౌను తీసేసి, ఈ వలసకాలపు అవశేషం మనకెందుకన్నారు. 2015లో యూజీసీ చేనేత బట్టతో కుట్టించుకోండని విశ్వవిద్యాలయాలకి రాసింది. మే నెలలో విస్సన్నపేటలో పాలిస్టర్ గౌను వేసుకోమంటే జైరాం రమేశ్ కాదు, ఎవరైనా తీసేస్తారు. అందులోనూ ఆటలమ్మ మచ్చలు ఇంకా దురద పెడుతున్న పిల్ల. గౌను క్యాన్సిల్.

తెలుగులో మనం వాడే మాట "స్నాతకోత్సవం". స్నాతకుడంటే స్నానం చేసినవాడు. గురువు దగ్గర చదువు ముగించినవాడు చేసే స్నానం అది. ఇప్పుడు మన ఊళ్ళలో స్నాతకమంటే పెళ్ళిలో కాశీయాత్ర ముందు జరిపించే తంతుగానే తెలుసు. ఈ ముక్క మా అమ్మకి చెబితే, "అయితే మీ బుజ్జికి అయిపోయిందిగా, మొన్ననే వేపాకులూ పసుపూ వేసి నేనే పోశాను" అంది. టెక్నికల్‌గా కరెక్టే!

ఇంకోటి గమనించా. చదువు మొదలుపెట్టటానికి మనకి అక్షరాభ్యాసం ఉంది. బాసర వెళ్తాం, లేదా మూలా నక్షత్రం రోజున బెజవాడ కొండెక్కుతాం, బియ్యంలో వేలు పెట్టి రాయిస్తాం, పదిమందికీ పలకలూ బలపాలూ పంచుతాం. బుజ్జికీ చేశాం. మా తాతయ్య చెప్పిన దసరా సంగతి ఇంకా బావుంటుంది. వీధిబడి పంతులుగారు పిల్లలందర్నీ వెంటేసుకుని, చేతుల్లో విల్లంబులతో, ఇల్లిల్లూ తిప్పేవారట. పంతులుగారికి కానుక, పిల్లలకి పప్పుబెల్లాలు. అందులో ఫస్టు ర్యాంకు వాడికి ఒక గుప్పెడు ఎక్కువేం లేదు. బడిలో ఉంటే చాలు, పప్పుబెల్లాలు వచ్చేవి.

బావ ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరికింది నాకు. టెన్త్‌కి మనం చేసేది వేరు. అప్పుడు మార్కులు ఉంటాయి. ఇంటర్‌కి ర్యాంకులు, ఫ్లెక్సీల మీద ఫోటోలు, టీవీలో గుక్క తిప్పుకోకుండా ఒకటి ఒకటి ఒకటి అని అరిచే ప్రకటనలు. ఆ సంబరాల్లో పక్కవాడు ఓడితేనే మనం గెలిచినట్టు. క్లాసులో అందరికీ ఒకే టోపీ పెట్టే సందర్భం పిల్లల జీవితంలో బహుశా ఇదే మొదలు, ఇదే ఆఖరు. అసలు పాస్, ఫెయిల్ అన్న ప్రశ్నే లేదు ఇక్కడ. 2020 జాతీయ విద్యావిధానం లెక్క చూసినా మూడేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ దాకా అంతా ఒకటే దశ, ఒకటి రెండు తరగతులతో కలిపి. అందులో యూకేజీ మూడో మెట్టు. ఇంకా రెండున్నాయి.

మరి అలాంటప్పుడు మా ఇంట్లో ఒక్క బుజ్జికే టోపీ పెట్టి, మిగతా పిల్లల్ని చప్పట్లు కొట్టటానికి పిలిస్తే, ఏదైతే వద్దనుకుంటున్నామో అదే చేసినట్టు. కాబట్టి కొత్త ప్లాన్: వీధిలో పిల్లలు తొమ్మిదిమంది. కాన్వెంటు, గవర్నమెంటు స్కూలు, అంగన్‌వాడీ ఎవరైనా సరే, తొమ్మిది టోపీలు.

డేటు దగ్గర మాత్రం జాగ్రత్త పడ్డా. ఆటలమ్మ అంటుకున్నవాళ్ళకి బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. పిల్లలు బుజ్జితో ఆఖరుగా ఆడింది ఏప్రిల్ 16న. 21 కలిపితే మే 7. దాని తర్వాత వచ్చే ఆదివారం మే 11. ఈలోగా ఎదురింటి చిన్నోడికి వచ్చింది కూడా, పదకొండుకల్లా వాడి పొక్కులన్నీ పెచ్చులు కట్టేశాయి. మీ ఇళ్ళల్లో ఎవరైనా ఇలాంటివి పెట్టుకుంటే ఈ లెక్క మర్చిపోకండి. టైము సాయంత్రం ఐదున్నర, డాబా మీద. ఇంకా ముందైతే కాళ్ళు కాల్తాయి.

టోపీలు ఇంట్లోనే చేశాం. పాత క్యాలెండర్ అట్టలు, నల్ల చార్టు, ఫెవికాల్. పైనుంచి వేలాడే కుచ్చుకి ఏం పెట్టాలా అని నేను ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే, మా అమ్మ బీరువాలోంచి అక్క చిన్నప్పటి జడకుచ్చులు తీసి ముందు పడేసింది. పట్టుదారంవి, ఎర్రటివి. యూరప్ వాళ్ళవి కూడా వాటిముందు దిగదుడుపే. తక్కువైన వాటికి ఊలు.

పిలుపుల దగ్గర అక్క ఒకే మాట చెప్పింది, చుట్టాలొద్దు, బుజ్జికి చదువు చెప్పినవాళ్ళు కావాలని. అంగన్‌వాడీలో ఏడాదిపాటు కూర్చోబెట్టిన టీచరుగారు, అక్కడి ఆయా, రోజూ ఏడుస్తున్న పిల్లని ఎక్కించుకుని బడి దగ్గరికి వచ్చేలోపు నవ్వించిన ఆటో ఆయన. స్కూల్లో క్లాస్ టీచరు శెలవలకి సొంతూరు వెళ్ళారు.

సర్టిఫికెట్ నేనే రాశా. మొదట "విజయవంతంగా పూర్తి చేసినందుకు" అని మొదలెట్టి కొట్టేశా. తర్వాత ఇంట్లో అందర్నీ అడిగి, బుజ్జికి నిజంగా వచ్చిన పనులు రాశా: తన పేరు తెలుగులో రాస్తుంది, వంద వరకూ లెక్కపెడుతుంది (డెబ్బై తొమ్మిది తర్వాత కాస్త ఆగి), బూటు లేసు తనే కట్టుకుంటుంది, ఆటోలో ఏడవదు, డబ్బా తెచ్చుకోని పిల్లకి తనది పెడుతుంది. మిగతా ఎనిమిదిమందికీ వాళ్ళ అమ్మల్ని అడిగి అలాగే. ఈ పనికి పట్టినంత టైము దేనికీ పట్టలేదు. ఒకావిడ "మావాడికి ఏమొచ్చండీ, అల్లరి తప్ప" అని, కాసేపాగి, "కోళ్ళని సాయంత్రం వాడే గూట్లో పెడతాడు" అంది. అదే రాశా.

ఆ రోజు జరగాల్సిన విధంగానే జరిగింది. అంటే సరిగ్గా ఆరింటికి కరెంటు పోయింది. రెండు టోపీలకి ఫెవికాల్ ఆరలేదు. పులిహోర, పూర్ణం బూరెలు, ఆఖర్న చిన్న రసాలు. నూజివీడు పక్కన పుట్టినవాళ్ళం, 2022లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని ఎన్టీఆర్‌లోకీ నూజివీడుని ఏలూరులోకీ పంపినా, పండు మాత్రం ఉమ్మడిదే. తొమ్మిది టోపీల మీదా రసం మరకలే. టీచరుగారు పేరు పేరునా పిలిచి, వచ్చిన పనులు చదివి, కాగితాలు ఇచ్చారు. ఆయా కళ్ళు తుడుచుకుంటూ, పిల్లలు బడి మారేటప్పుడు చెప్పి వెళ్ళేవాళ్ళే ఉండరమ్మా అంది. బుజ్జి రెండు రోజులు ప్రాక్టీసు చేసిన స్పీచ్ ఒక్క ముక్క చెప్పకుండా అమ్మమ్మ చీర వెనక దాక్కుంది. మొత్తం ఖర్చు మూడు వేల చిల్లర.

అసలు కామెడీ రాత్రి జరిగింది. అక్క పంపిన ఫోటోలు చూసి క్లాస్ టీచరు వాయిస్ మెసేజ్ పెట్టారు. "బుజ్జీ, నీ టోపీ నా దగ్గరే దాచానమ్మా, బడి తెరవగానే ఇస్తా. ఫస్ట్ క్లాసులో కలుద్దాం."

హతవిధీ! మొదటి రోజే ఒక్క ఫోన్ కొట్టి ఉంటే సరిపోయేది. రూట్ కాజ్ ఏంటో కనుక్కోకుండా మూడు వారాలు డెవలప్‌మెంట్ చేసిన ఘనత నాది. అయినా ఎందుకో బాధ వెయ్యలేదు.

బుజ్జి ఆ మెసేజ్ నాలుగుసార్లు విని, "అంటే నేను వెళ్ళొచ్చా?" అంది.

"ఎక్కడికి?"

"ఫస్ట్ క్లాసుకి."

"వెళ్ళొచ్చు."

టోపీ పక్కన పెట్టుకునే పడుకుంది. పొద్దున లేచి చూస్తే అదే టోపీ బోర్లించి, దాన్నిండా మామిడి టెంకలు ఏరి పెడుతోంది, మొలకలేస్తాయట. జూన్ 12న బడికెళ్ళి రెండో టోపీ కూడా తెచ్చుకుంది. అది ఇప్పుడు మా అమ్మ షోకేసులో, వెంకటేశ్వరస్వామి పక్కన ఉంది. ఎవరిదని ఎవరైనా అడిగితే మా అమ్మ "మా పిల్లలది" అంటుంది. ఏ పిల్లలదో నేను అడగలేదు :)